కాటిసుంకం

గదిలో మేం ఎనిమిది మందిమి. అందరి చేతుల్లోనూ చింతపండూ మిరియాలూ వేసిన ఏదో జిన్ కాక్‌టైల్. టికెట్టు 2,500, రెండు డ్రింకులు అందులోనే. బల్లమీద సగం కాలిన ఉత్తరం, మూలన తాళం వేసిన ట్రంకుపెట్టె. జమీందారు భార్య కనపడకుండా పోయింది. ఎందుకు పోయిందో మనమే కనుక్కోవాలి. జూబ్లీహిల్స్‌లో ఓ పాత బంగళా అద్దెకి తీసుకుని వేస్తున్న ఇమ్మర్సివ్ థియేటర్ అది. స్టేజీ లేదు, కుర్చీలు లేవు. నటులు మన మధ్యే తిరుగుతారు, మన కళ్ళలోకే చూసి మాట్లాడతారు.

నాకు ఈ పిచ్చి పట్టించింది ‘స్లీప్ నో మోర్’ గురించి చదివిన వ్యాసాలు. పంచ్‌డ్రంక్ అనే బ్రిటిష్ బృందం న్యూయార్క్‌లో 2011లో మొదలుపెట్టి 2025 జనవరి దాకా ఆడించిన షో. మాక్బెత్ కథని అంతస్తులు అంతస్తులుగా పరిచేసి, ప్రేక్షకులకి తెల్ల మాస్కులిచ్చి, ఇష్టమొచ్చిన గదిలోకి వెళ్ళి చూసుకోమన్నారు. మాస్కు ఉంటే నయం. మాకు అదీ లేదు.

ఊదారంగు టార్చి వేస్తే ఉత్తరం వెనకాల అంకెలు కనపడ్డాయి. ఆ అంకెలతో ట్రంకు తెరిచాం. లోపల ఒక నేత చీర. జమీందారు వేషం వేసినతను దాన్ని మెల్లిగా తీసి, ఎనిమిది మందినీ ఒకసారి చూసి, తిన్నగా నా దగ్గరకొచ్చాడు.

‘ఇంతాలస్యం చేశావేం?’ అన్నాడు.

ఆ చీర భుజాన వేసుకుని అతని ఎదురుగా కూర్చోవాలి. తర్వాతి క్లూ భార్యకి మాత్రమే చెప్తాడు. ఆట అంతే. నేను నవ్వేసి, ‘సారీ బ్రో, నేను కాదు’ అని గ్లాసు అడ్డం పెట్టుకున్నా. పక్కనున్న అమ్మాయి టక్కున చీర అందుకుంది. అతను ఆ అమ్మాయి చెవిలో ఏదో చెప్పాడు. కళ్ళు తుడుచుకుంటూ లేచింది. ఏం చెప్పాడని బయటికొచ్చాక అడిగితే చెప్పలేదు.

ఇంటికెళ్తూ క్యాబ్‌లో నాకు గుర్తొచ్చింది ఆ షో కాదు. రేపల్లెలో మా ఇంటి వసారాలో ఉండే ఫొటో.

అందులో ఉన్నది చంద్రమతి వేషంలో మా పెదనాన్న. డెబ్భైల్లో, ఆడవేషానికి ఆర్టిస్టుని పిలిపిస్తే ఖర్చెక్కువని, చుట్టుపక్కల ఊళ్ళ నాటకాలకి ఈయన్నే తీసుకెళ్ళేవాళ్ళు. నేను బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతుండగా ఓసారి హాస్టలు ఫ్రెండ్స్ ఇంటికొచ్చారు. ఒకడు ఫొటో చూసి, ‘ఎవర్రా ఈవిడ? భలే ఉంది’ అన్నాడు. ‘మా నాయనమ్మ’ అన్నాను. వెనక పెదనాన్న టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నుంచున్నాడు. విన్నాడు. టీలు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పదకొండేళ్ళయింది.

ఆ వారం చివర్లో డెల్టా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెనాలి దాటాక బండి తీరే మారిపోతుంది. వేమూరు, భట్టిప్రోలు... రేపల్లెతో పట్టాలే అయిపోతాయి. ఇక దిగక తప్పదు.

షో గురించి చెప్తే పెదనాన్న మంచంమీద లేచి కూర్చున్నాడు. ‘మందు కూడా వాళ్ళే పోస్తారా? మా కాలంలో అది పందిరి వెనకాలుండేది’ అన్నాడు. జనం మధ్యకొచ్చి మాట్లాడ్డం కొత్తేముందిరా అన్నాడు. చింతామణిలో సుబ్బిశెట్టి ముందు వరసలో కూర్చున్నవాళ్ళతో ఆడిన సరసం నాటకంలో సగం ఉండేదిట. (ఆ పాత్ర మీద అభ్యంతరాలతోనే 2022లో ఆంధ్ర ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. ఆ సరసం ఎవరి ఖర్చు మీద సాగిందో పెదనాన్న మాట్లాడలేదు, నేనూ అడగలేదు.) పద్యం నచ్చితే వన్స్‌మోర్. చచ్చిపడున్నవాడు కూడా లేచి మళ్ళీ పాడాల్సిందే.

‘మరి నువ్వు ఆడవేషం ఎందుకు వేశావ్?’ అన్నాను. ఇన్నేళ్ళలో అడగని ప్రశ్న.

‘స్థానం వారు ఎందుకేశారు?’ అన్నాడు.

స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టాడు. 1920లో ఆ ఊళ్ళోనే హరిశ్చంద్ర ఆడుతుంటే చంద్రమతి వెయ్యాల్సిన మనిషి రాలేదు. ఈయన కట్టాడు చీర. అక్కణ్ణుంచి తెనాలి శ్రీరామవిలాస సభ, సత్యభామ, రోషనార, మధురవాణి, 1956లో పద్మశ్రీ. నాలుగేళ్ళు బాపట్లలో చదివాను. సూర్యలంక బీచికి లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను. ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, నేను వెతకలేదు కూడా. రావాల్సినవాడు రాకపోతే చీర అందుకున్నాడాయన. నాకు చేతికిచ్చినా అందుకోలేకపోయాను.

ఊదారంగు టార్చి సంగతి చెప్తే పెదనాన్న పెద్దగా నవ్వాడు. ‘మాదీ అదేగా’ అన్నాడు. కాటిసీనులో చంద్రమతి కొడుకు శవంతో వస్తుంది. కాపరి సుంకం అడుగుతాడు. లేదంటుంది. మెళ్ళో తాళి ఉందిగా, అమ్ముకో అంటాడు. ఆ తాళి మొగుడికి తప్ప ఎవరికీ కనపడదు. ఆ ఒక్క మాటతో ఎదురున్నది ఎవరో ఆమెకి తెలిసిపోతుంది. చూసేవాళ్ళకి అదంతా ముందే తెలుసు. తెలిసీ, ఆమె ఎప్పుడు కనుక్కుంటుందా అని తెల్లారగట్ల దాకా కూర్చునేవాళ్ళు.

‘పెదనాన్నా, ఆ రోజు ఫొటో గురించి...’

‘నాయనమ్మ అన్నావ్‌గా,’ అన్నాడు. ‘మేకప్పు బాగా కుదిరిందనుకున్నా.’

ఆ మాట నవ్వుతూనే అన్నాడు. కానీ తర్వాత చాలాసేపు గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. పెద్దమ్మ వంటింట్లోంచి అన్నానికి పిలిచింది. మేం లేవలేదు.

కాసేపటికి దిండు తీసుకుని రెండు చేతుల్లో పడుకోబెట్టుకున్నాడు. భుజం మీద తువ్వాలు తలమీదకి లాక్కున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, అయినా వంగిన తీరులో ఏదో మారిపోయింది. నావైపు కర్ర చూపించాడు.

‘నువ్వు కాటికాపరివి. నేను పిల్లాణ్ణి తెచ్చాను. అడుగు.’

‘నాకు పద్యాలు రావు పెదనాన్నా.’

‘పద్యం ఎవడడిగాడు? సుంకం అడుగు.’

వీధి తలుపు తెరిచే ఉంది. ఎవరో సైకిలు ఆపి చూస్తున్నారు. నేను లేచి కర్ర తీసుకున్నాను.

‘సుంకం ఏదమ్మా?’ అన్నాను.