బోల్టు విప్పే ముందు పుస్తకం విప్పుదాం

వస్తువును కొనడం సులభం. దాన్ని గురించి తెలుసుకోవడమే శ్రమతో కూడిన పని. నేడు మన మధ్యతరగతి కుటుంబాల్లో చాలా ఇళ్ల ముందు ఒక చిన్న కారు కనిపిస్తోంది. వాటిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవే ఎక్కువ. పిల్లల చదువులు, పెద్దల వైద్యం, బంధువుల పెళ్లిళ్లు, ఇన్ని అవసరాల భారాన్ని ఆ ఒక్క కారే మోస్తుంది. దాని ఇంజన్ దెబ్బతింటే నాలాంటి మదరసా ఉపాధ్యాయుని కొన్ని నెలల జీతం ఒక్కసారిగా కరిగిపోతుంది. ఆ ఇంజన్‌ను అరుగుదల నుండి కాపాడేది దానిలోని నూనె. కనుక ఆ నూనె విషయంలో ఎవరి మాట నమ్మాలన్నది చిన్న ప్రశ్న కాదు.

మా కారు 2012లో తయారైన వ్యాగన్ ఆర్. దాన్ని అమ్మినవారు తాళాలు, ఆర్.సి. ఇచ్చారు గానీ, కారుతో పాటు రావలసిన మాన్యువల్ ఇవ్వలేదు. పాలిటెక్నిక్ చదువుతున్న మా చిన్నబ్బాయి, "అబ్బా, ఈసారి ఇంజన్ ఆయిల్ మనమే మారుద్దాం. పని నేను చేస్తాను" అన్నాడు. సరేనన్నాను. కానీ ఒక షరతు పెట్టాను. అవసరమైన వివరాలన్నీ ముందుగా ఒక కాగితంపై వ్రాసి చూపాలి. ప్రతి వివరం పక్కన అది ఎక్కడ దొరికిందో కూడా వ్రాయాలి. మదరసాలో విద్యార్థి ఏదైనా మాట చెప్పగానే "ఎవరి నుండి విన్నావు?" అని అడగడం మాకు అలవాటు. ఆ ప్రశ్న కారుకు మాత్రం ఎందుకు వర్తించకూడదు?

కావలసిన వివరాలు ఆరు. నూనె చిక్కదనపు గ్రేడు, దాని నాణ్యతా ప్రమాణం, ఫిల్టరుతో కలిపి ఎన్ని లీటర్లు పట్టేదీ, ఫిల్టరు పార్ట్ నంబరు, డ్రెయిన్ బోల్టును ఎంత బిగువుతో బిగించాలన్నదీ, మళ్లీ ఎప్పుడు మార్చాలన్నదీ.

వారం రోజుల్లో అబ్బాయికి మూడు చోట్ల నుండి మూడు సమాధానాలు వచ్చాయి. మా వీధి మెకానిక్ మంచివాడు, అనుభవజ్ఞుడు. "మౌలానా సాబ్, మన ఎండలకు చిక్కటి ఆయిలే మేలు, 20డబ్ల్యూ-40 పోయించండి" అన్నాడు. స్పేర్ పార్టుల దుకాణదారు తన దగ్గర ఉన్న డబ్బా చూపి, అన్ని కార్లకూ అదే సరిపోతుందన్నాడు. రియాద్‌లో ఉన్న మా మేనల్లుడు, "మామూ, మీ కారు వివరాలు దొరికాయి" అంటూ వాట్సాప్‌లో ఒక పట్టిక పంపాడు. పేరు వ్యాగన్ ఆరే. కానీ అది జపాన్‌లో అమ్మే కారుది. అక్కడి వ్యాగన్ ఆర్ ఇంజన్ 660 సి.సి. లోపు, మాది 998 సి.సి. ముగ్గురూ మేలు కోరినవారే. అయినా ముగ్గురిలో ఒక్కరి మాట కూడా మా ఇంజన్‌ను చూసి చెప్పినది కాదు.

కారు పేరును బట్టి వివరాలు వెదకడంలో ఉన్న చిక్కు ఇదే. మన దేశంలోనే 1999లో వచ్చిన మొదటి వ్యాగన్ ఆర్‌కు 1061 సి.సి. ఇంజన్ ఉండేది. 2010లో 998 సి.సి. ఇంజన్ వచ్చింది. 2019 నుండి 1197 సి.సి. ఇంజన్‌తో కూడా అమ్ముతున్నారు. పేరు ఒకటే, ఇంజన్లు మూడు. కాబట్టి వెదుకులాట ఆర్.సి.తో మొదలు కావాలి. తయారైన నెల, సంవత్సరం, ఇంధనం, సి.సి., ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు అందులోనే ఉంటాయి.

ఆ తరువాత మెట్టు ఓనర్స్ మాన్యువల్. పోగొట్టుకున్నవారు నిరాశ పడనవసరం లేదు. చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్లలో దీన్ని ఉచితంగానే ఉంచుతున్నాయి. షోరూములో అడిగి కొనుక్కోవచ్చు కూడా. గ్రేడు, ప్రమాణం, పరిమాణం, మార్చవలసిన గడువు అందులో ఉంటాయి. బోల్టు బిగువు వంటివి చాలాసార్లు అందులో ఉండవు. అవి మెకానిక్‌ల కోసం వ్రాసిన వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటాయి. ఫిల్టరు సంగతికి సులభమైన మార్గం కంపెనీ అధీకృత విడిభాగాల కౌంటరు. ఛాసిస్ నంబరు చెబితే కంప్యూటరులో చూసి పార్ట్ నంబరు చెబుతారు. చూపుకు ఒకేలా ఉండే రెండు ఫిల్టర్ల మరలు, లోపలి వాల్వు వేరుగా ఉండవచ్చు. అందుచేత కంటితో పోల్చి కొనడం తగదు.

ఇక ఆ అంకెల అర్థం తెలుసుకోవాలి. 5డబ్ల్యూ-30 అన్నప్పుడు డబ్ల్యూ అంటే వింటర్, శీతకాలం. దాని ముందున్న అంకె ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నూనె ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది. వెనుకనున్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో దాని చిక్కదనాన్ని సూచిస్తుంది. "మనకు మంచు కురవదు కదా, ముందటి అంకెతో పనేమిటి?" అని కొందరంటారు. తెల్లవారి స్టార్టు చేసిన క్షణంలో నూనె పై భాగాలకు ఎంత త్వరగా చేరితే అరుగుదల అంత తగ్గుతుంది. అది మన ఊళ్లకూ వర్తించే సంగతే. వాతావరణాన్ని బట్టి వేరే గ్రేడు వాడవచ్చునా అన్నదానికి చాలా మాన్యువల్స్‌లో ఉష్ణోగ్రతల పట్టికే ఉంటుంది. తయారీదారు ఎండను లెక్కలోకి తీసుకునే ఆ పట్టిక వేశాడు.

నాణ్యతా ప్రమాణాన్ని చాలామంది పట్టించుకోరు. ఏ.పి.ఐ. ప్రమాణంలో ఎస్ అక్షరంతో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, సి అక్షరంతో మొదలయ్యేవి డీజిల్ ఇంజన్లకు. ఎస్.ఎన్. 2010లోను, ఎస్.పి. 2020లోను వచ్చాయి. దీని ప్రాముఖ్యం నా పూర్వ విద్యార్థి ఒకరి విషయంలో కళ్లారా చూశాను. అతడు డీజిల్ వాహనాన్ని అద్దెకు నడిపి ఇల్లు గడుపుతున్నాడు. వాహనం బి.ఎస్.6 కాలానిది. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన ఆ నిబంధనల వల్ల అటువంటి డీజిల్ వాహనాల పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దానికి బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేకమైన నూనె కావాలి. ఒక గ్యారేజీలో గ్రేడు మాత్రమే చూసి మామూలు డీజిల్ నూనె పోస్తూ వచ్చారు. గ్రేడు సరైనదే, ప్రమాణం వేరు. కొంతకాలానికి మసి ఫిల్టరు మూసుకుపోయి వాహనం వారం రోజులు షెడ్డులో పడి ఉంది. ఆ వారం వారి ఇంట్లో సంపాదన లేదు. డబ్బా మీద రెండో పంక్తి చదవకపోవడం ఒక కుటుంబం పొయ్యి దాకా వచ్చింది.

బోల్టు సంగతి కూడా అంతే. బిగువును కొన్ని పుస్తకాలు న్యూటన్ మీటర్లలో, కొన్ని కిలోగ్రామ్ మీటర్లలో, అమెరికా పుస్తకాలు పౌండ్ అడుగుల్లో చెబుతాయి. ఒక కిలోగ్రామ్ మీటరు దాదాపు 9.8 న్యూటన్ మీటర్లు. ఒక పౌండ్ అడుగు దాదాపు 1.36. కొలమానం చూడకుండా అంకె మాత్రమే తీసుకుంటే బోల్టు వదులుగా ఉండి నూనె కారవచ్చు, లేదా మరలు చెడిపోవచ్చు. బోల్టు కింద వాషరును ప్రతిసారీ కొత్తది వేయమని చెప్పి ఉంటే వేయాలి. దాని ధర కొద్ది రూపాయలే.

గడువు విషయంలో మా అబ్బాయి కనుగొన్నది నాకు కొత్త. చాలా చిన్న పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది అని ఉంటుంది. కానీ పుస్తకంలో 'కఠిన పరిస్థితులు' అనే మరో పట్టిక కూడా ఉంది. దుమ్ము దారులతో పాటు తరచుగా చేసే చిన్న ప్రయాణాలు అందులోకే వస్తాయి. ఇంటి నుండి మదరసాకు మూడు కిలోమీటర్లు నడిచే కారులో నూనె పూర్తిగా వేడెక్కదు. తేమ, ఇంధనపు జాడ అందులోనే నిలిచిపోతాయి. తక్కువ తిరిగే కారుకు త్వరగా నూనె మార్చాలన్నది వింతగా తోచినా, మా కారు ఆ కోవలోనిదే.

మరమ్మతు సమాచారం వినియోగదారునికి అందాలన్న ఆలోచన మన ప్రభుత్వానికీ కలిగింది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్‌ను ప్రారంభించింది. వాహనాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. అడగడం మన హక్కు అని తెలిసినవారే అడుగుతారు.

పని చేయదలచిన యువకులకు రెండు జాగ్రత్తలు చెప్పాలి. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరకండి; గట్టి స్టాండ్లు తప్పనిసరి. తీసిన నూనెను కాలువలో పోయకండి. మూత బిగించి, వాడిన నూనెను సేకరించే చోట అప్పగించండి.

మా కారు అంకెలను ఇక్కడ వ్రాయలేదని పాఠకులు గమనించే ఉంటారు. వ్రాస్తే మీలో ఎవరైనా వాటినే తమ కారుకు వాడవచ్చు. అప్పుడు నేనూ ఆ వాట్సాప్ పట్టికలాగే తయారవుతాను. మా అబ్బాయి ఆ ఆరు వివరాలను, వాటి పక్కన మాన్యువల్ పుట సంఖ్యలను, తేదీని, కిలోమీటర్లను ఒక చిన్న నోటుబుక్కులో వ్రాసి డ్యాష్‌బోర్డు అరలో ఉంచాడు. రేపు ఈ కారును అమ్మినా తాళాలతో పాటు ఆ పుస్తకాన్నీ ఇవ్వాలని అనుకున్నాం. కొనేవారికి మనం చెల్లించవలసిన బాకీ అది.