తడి అతుకు

ధూల్‌పేట్‌లో పెరిగినోడికి పీఓపీ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. వినాయకుడి చెయ్యి విరిగితే కొబ్బరి పీచును పీఓపీలో ముంచి చుట్టేస్తాం. అరగంటలో గట్టిపడుతుంది. గరుకు కాగితంతో రుద్ది రంగేస్తే, ఎక్కడ విరిగిందో చేసినోడికే గుర్తుండదు.

అందుకే డాక్టర్ ఎక్స్‌రే చూసి "కాలర్ బోన్ విరిగింది" అనగానే, "పీఓపీ కట్టు వేసేయండి సార్, నాలుగు రోజుల్లో పనికి పోవాలె" అన్నా. ఆయన నవ్వాడు. "దీనికి పీఓపీ వెయ్యరు తమ్ముడూ!"

ఆ పొద్దున వాన పడుతోంది. డీసీఎం ఎక్కి విగ్రహానికి తాడు కడుతుంటే, తడి రేకు మీద కాలు జారింది. కుడి భుజం మీద పడ్డా. లోపల టక్‌మన్న చప్పుడు నాకే వినపడింది. చవితికి ఇంకా ఐదు వారాలు. ఏడాది మొత్తంలో మా ఇంట్లో డబ్బు కనబడేది ఆ ఐదు వారాల్లోనే.

బడి పుస్తకంలో దీన్నే జత్రుక అని చదివాం. చేతిని ఛాతీ ఎముకలకు కలిపే ఎముక ఇదొక్కటే. భుజం మీద పడితే ఆ దెబ్బంతా దీని మీదికే వస్తుంది. ఎక్కువగా నడిమధ్యలో విరుగుతుంది. ఊపిరి తీసినా, చెయ్యి ఎత్తినా కదిలే చోటు కాబట్టి పీఓపీ నిలవదు. మెడకు వేలాడే గుడ్డ పట్టీలో చెయ్యి పెట్టి ఉంచడమే వైద్యం. ముక్కలు బాగా పక్కకు జరిగినా, ఎముక చర్మాన్ని పొడుచుకొచ్చినా ఆపరేషన్ మాట ఆలోచిస్తారు. వేళ్లు మొద్దుబారినా, చెయ్యి చల్లబడి పాలిపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేదు. "నూనె పెట్టి తోమి గట్టిగ కట్టిస్తే వారంలో లేస్తవు బిడ్డా" అంది. డాక్టర్ ముందే చెప్పాడు: తోమొద్దు, లాగొద్దు. ఆ ఎముక కిందే చేతికి వెళ్లే నరాలు, రక్తనాళాలు ఉన్నాయట. పెద్దమ్మకు దండం పెట్టి తప్పించుకున్నా.

దిండ్లు ఆనించుకుని సగం కూర్చునే పడుకున్నా. చొక్కా వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యే ముందు. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మాత్రం రోజూ ఆడించమన్నారు, లేకపోతే బిగుసుకుపోతాయని.

మూడో వారానికి నొప్పి తగ్గింది. ఇక అతుక్కుందనుకున్నా. రాత్రి అందరూ పడుకున్నాక కార్ఖానాలోకి పోయి పట్టీ తీసేసి, పీఓపీ బస్తా మీద చెయ్యేశా. వెనక నుంచి బాపు గొంతు.

"తడి అతుకు మీద బరువు పెడతవారా?"

మా పనిలో మొదటి పాఠం అది. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. తొందరపడితే రెండోసారి విరుగుతుంది. ఆ మాట నాకు చిన్నప్పుడు నేర్పింది బాపే. నొప్పి పోవడం వేరు, ఎముక అతకడం వేరు అని అప్పుడు అర్థమైంది. నోరు మూసుకుని పట్టీ మళ్లీ వేసుకున్నా.

ఆ ఏడు బాపు ఇంకో మనిషిని కూలికి పెట్టుకున్నాడు. అమ్మ గాజులు కుదువకు పోయాయి. విగ్రహాలు ఒక్కొక్కటిగా లారీలెక్కి పోతుంటే, గుమ్మంలో కూర్చుని ఎడమచేత్తో లెక్క రాశా.

ఆరు వారాలకు ఎక్స్‌రేలో విరిగిన చోట మబ్బులాంటి మచ్చ కనిపించింది. కొత్త ఎముక పుడుతోందన్నమాట. పిల్లలకు మూడు నుంచి ఆరు వారాల్లో అతికేది, పెద్దలకు పన్నెండు దాకా పట్టొచ్చట. సిగరెట్ తాగితే ఇంకా ఆలస్యం. బరువులెత్తడానికి మూడు నెలలు ఆగా.

ఇప్పుడు అక్కడ చిన్న బొడిపె ఉంది. విగ్రహమైతే రుద్దేసేవాణ్ణే. ఈ చవితికి అమ్మ గాజులు విడిపించాం. వాన పడుతుంటే మాత్రం డీసీఎం ఎక్కడం లేదు.