తలల లెక్క, చేతుల లెక్క: మా మేడారం ప్రయాణం



మన గ్రూపులో కానిస్టేబుల్‌కి, గ్రూప్-4కి చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. "నిష్పత్తి, అనుపాతం అస్సలు ఎక్కట్లేదన్నా" అని అడుగుతుంటారు. ఏ, బి, సి అనే ముగ్గురు 3:2:1 నిష్పత్తిలో డబ్బు వేసుకున్నారు అని పుస్తకంలో ఉంటుంది. ఆ ఏ ఎవరో, సి ఎవరో మనకు తెలియదు. అందుకే ఎక్కదు. మా ఇంట్లో 2024 మేడారం జాతర ముందు వేసుకున్న లెక్క రాస్తున్నా. ఇందులో ఏ మా నాన్న, బి మా చిన్నాయన, సి మా మేనత్త. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ఆ ఏడు జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు. ఆ నాలుగు రోజుల్లో జనం, బండ్లు ఎట్లుంటాయో మీకు చెప్పక్కర్లేదు. నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా చిన్న పిల్లలున్నారు. అందుకే మూడు వారాల ముందే పోయి మొక్కు తీర్చుకొని ఒక్క రోజులో తిరిగొద్దామనుకున్నాం. మాది భద్రాచలం దాటి లోపలి గూడెం. మేడారానికి పోను సుమారు 150 కిలోమీటర్లు, పోను రాను 300.

ముందు డీజిల్ సంగతి. మాట్లాడుకున్న తుఫాన్ బండి డ్రైవర్, అంతకు ముందు కిరాయిలో 8 లీటర్లకు 96 కిలోమీటర్లు వచ్చిందన్నాడు. అంటే లీటరుకు 12. 300 కిలోమీటర్లకు 25 లీటర్లు. అప్పుడు డీజిల్ లీటరు రూ.98 దగ్గర ఉంది, కాబట్టి రూ.2,450. దూరం పెరిగితే డీజిల్ కూడా అంతే పెరుగుతుంది. ఇది అనులోమానుపాతం. బండి కిరాయి రూ.3,000, డ్రైవర్ బత్తా రూ.500. చిల్లర ఖర్చుకు ఇంకో 50 కలిపి మొత్తం రూ.6,000 అనుకున్నాం.

కిరాయి ఎంతమంది ఎక్కినా అంతే కాబట్టి మనుషులు పెరిగితే తలా వాటా తగ్గుతుంది. 8 మందికి రూ.750, 10 మందికి రూ.600, 12 మందికి రూ.500. ఇది విలోమానుపాతం. "ఇంకో ముగ్గురిని ఎక్కిస్తే 400కే వస్తది కదా" అన్నాడు చిన్నాయన. కాగితం మీద వస్తది. కానీ డ్రైవర్ గాక ఆ బండిలో సీట్లు 12. కిక్కిరిసిన బండ్లు బోల్తా పడటం మన ఏజెన్సీ రోడ్ల మీద ఎన్నిసార్లు చూడలేదు! అందుకే 12 దగ్గరే ఆపాం.

టైం లెక్క కూడా చూడండి. 150 కిలోమీటర్లలో సగం మంచి రోడ్డు, గంటకు 50 పోవచ్చు. మిగతా సగంలో మా గూడెం దారి, ఊళ్లు, ఏటూరునాగారం, తాడ్వాయి అడవి రోడ్డు. అక్కడ గంటకు 25 అనుకున్నాం. 50, 25 కలిపి సగం చేస్తే 37.5, కాబట్టి 4 గంటల్లో చేరతాం అనిపిస్తుంది. పరీక్షలో ఉచ్చు పెట్టేది ఇక్కడే. 75 కిలోమీటర్లు 50 వేగంతో గంటన్నర, ఇంకో 75 కిలోమీటర్లు 25 వేగంతో 3 గంటలు. మొత్తం నాలుగున్నర. నాయనమ్మ దిగి కాళ్లు చాపుకోవడానికి దారిలో ఇంకో గంట. తెల్లవారి 4కి బయల్దేరితే 9:30కి చేరతాం. చీకటి పడే వేళకు ఇల్లు చేరాలంటే మధ్యాహ్నం 12:30కి బయల్దేరాలి. జంపన్నవాగులో స్నానం, గద్దెల దర్శనం, వంట, తిండి అన్నీ ఆ మూడు గంటల్లోనే.

ఇక అసలు పేచీ డబ్బులు పంచుకునే దగ్గర వచ్చింది.

మా ఇంట్లో ఐదుగురం, చిన్నాయన ఇంట్లో నలుగురు, అత్తా, ఆమె ఇద్దరు పిల్లలూ ముగ్గురు. తలకు 500 చొప్పున వాటాలు రూ.2,500, రూ.2,000, రూ.1,500. లెక్క సరిగ్గానే ఉంది. కానీ అత్త వినగానే "మీరు పోయిరండి, మేం మళ్లీ జాతరకు వస్తాం" అంది.

మామ లేడు. ఆమె ఒక్కతే మిరపకాయలు ఏరే కూలికి పోతది, రోజుకు రూ.300. మొక్కు అసలు ఆమెదే. చిన్నపిల్లకు జ్వరం ముదిరినప్పుడు నిలువెత్తు బంగారం ఇస్తానని తల్లికి మొక్కుకుంది. పిల్ల బరువు 15 కిలోలు. బెల్లం కిలో రూ.50 అంటే రూ.750. బండి వాటా 1,500 కలిపితే రూ.2,250, అంటే ఏడున్నర రోజుల కూలి. మళ్లీ జాతర అంటే రెండేళ్లు. పిల్ల పెరిగేకొద్దీ బెల్లం కూడా పెరుగుతుంది, అది కూడా అనులోమమే!

"అత్త వాటా మనం పెట్టుకుందాం" అన్నాడు అన్న. అత్త ఒప్పుకోలేదు. ఒకరి దయ మీద మొక్కు తీర్చనంది. అప్పుడు నాయనమ్మ ఒక్క మాట అడిగింది. "తినే నోళ్లు లెక్కబెట్టిన్రు, సంపాయించే చేతులు లెక్కబెట్టలేదేందిరా?"

మా ఇంట్లో నాన్న, అమ్మ, అన్న ముగ్గురూ సంపాదిస్తారు. చిన్నాయన ఇంట్లో ఇద్దరు. అత్త ఒక్కతే. 3:2:1. మొత్తం 6 భాగాలు, భాగానికి రూ.1,000. మాకు 3,000, చిన్నాయనకు 2,000, అత్తకు 1,000. చిన్నాయన వాటా మారలేదు. మా వాటా 500 పెరిగింది, అత్తది 500 తగ్గింది. బెల్లంతో కలిపి ఆమె ఖర్చు రూ.1,750. ఆరు రోజుల కూలికి లోపే.

అత్త కాసేపు ఆలోచించింది. "నా కొడుకు సంపాదనకు వస్తే నాది రెండు భాగాలైతది. అప్పుడు మీరు వద్దనొద్దు" అని ఒప్పుకుంది. తగ్గించారని కాదు, అందరికీ ఒకటే నియమమని ఒప్పుకుంది. అప్పుడు నిష్పత్తి 3:2:2 అవుతుంది. అదీ రాసిపెట్టుకున్నాం.

5:4:3 గణితంలో తప్పు కాదు, 3:2:1 కూడా తప్పు కాదు. దేనితో భాగించాలో పుస్తకం చెప్పదు, అది మనమే తేల్చుకోవాలి. ఉమ్మడి ఖర్చు అనగానే "తలా ఇంత" అనేస్తాం. హాస్టల్లో ఫ్రెండ్స్ టూర్ వేసినా, ఊళ్లో పండక్కి చందా వేసినా అదే మాట. "నాకు పని ఉంది, రాలేను" అన్న వాళ్లలో ఎంతమందికి నిజంగా పనుందో ఒకసారి ఆలోచించండి.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈసారి కేస్లాపూర్ నాగోబా జాతరకైనా, ఇంకే ఊరికైనా ఇంటోళ్లతో పోయేటప్పుడు పెన్ను మీరే పట్టుకోండి. డీజిల్, టైం, వాటాలు, బియ్యం అన్నీ లెక్కేయండి. ఆ చాప్టర్ సగం అక్కడే అయిపోతుంది. మీ లెక్కలు కింద రాయండి, కలిసి చూద్దాం.

జోహార్.