సెయింట్ ఆండ్రూస్ మైదానమున లిడియా వెంట

తీర్థయాత్రలనుగూర్చి మీరు పెక్కు వ్యాసములు చదివియుందురు. మా యాత్రయు నట్టిదే యని మాలో పెద్దవారైన అత్తగారి వాదము. చిన్న తెల్లని బంతిని కఱ్ఱతో గొట్టుచు నాలుగు దినములు నడచెడి స్త్రీలను జూచుటకై, అత్తాకోడండ్ర మిరువురము 2024 ఆగష్టు నెలలో స్కాట్లండు దేశమునకు బోయితిమి.

ఈ పిచ్చి మాకెట్లు పట్టినదో మొదట చెప్పవలెను. 2021 ఆగష్టు 7వ తేదీ వేకువను, టోకియో ఒలింపిక్సులో మన దేశపు అదితి అశోక్ పతకమునకు చేరువలో నున్నదని విని, గాల్ఫనిన నేమో యెఱుగని మా యిల్లంతయు టెలివిజను ముందు గూర్చుండెను. ఆమె కఱ్ఱల సంచి మోయుచున్నది ఆమె కన్నతల్లియే! ఒక్క దెబ్బ తేడాతో కాంస్యపతకము దప్పి అదితికి నాలుగవ స్థానము మిగిలెను. ఆ కాంస్యమును గొనిపోయినది న్యూజీలండు దేశస్థురాలు లిడియా కో. మే మా పిల్లపై మిక్కిలి కోపగించితిమి. పిదప నామె చరిత్ర తెలిసికొనగా కోపము నిలువలేదు. 2012లో, పదునైదేండ్ల వయసున, కెనడాలో ఉద్దండులైన క్రీడాకారిణుల నోడించినది. పదునేడేండ్లకే ప్రపంచమున మొదటి స్థానము నందినది. 2018 మొదలు మూడేండ్లపాటు ఒక్క గెలుపైన లేక, ఆమె పని యైపోయినదని లోకముచేత ననిపించుకొన్నది. పెద్ద పోటీలలో ఆమె 2016 తరువాత గెలువనే లేదు. ఓడుచున్న దానినే అంటిపెట్టుకొనుట మా స్వభావము కాబోలు. నాటినుండి మేము లిడియా పక్షమైతిమి.

ఎడింబరోలో ఉద్యోగము చేయుచున్న మా మరిది రమ్మని వ్రాయగా ప్రయాణమునకు వీలు చిక్కినది. అక్కడినుండి రైలు, 1890లో గట్టిన ఎఱ్ఱని ఫోర్త్ వంతెన మీదుగా సముద్రపు పాయను దాటి, గంటసేపటికి ల్యూకర్స్ అను చిన్న స్టేషను జేర్చును. అచ్చటినుండి బస్సు. సెయింట్ ఆండ్రూస్ చిన్న పట్టణము. రాతి యిండ్లు, శిథిలమైన పెద్ద దేవాలయము, 1413 నాటి విశ్వవిద్యాలయము. ఊరి వీథి ముగియుచోటనే ప్రాతమైదానము మొదలగును. సామాన్యముగా ఆదివారము లందు అక్కడ ఆట లేదు. ఊరివారు పిల్లలతో షికారు చేయుదురు. మేము చూచిన ఆదివారము మాత్రము, ఆగష్టు 25, పోటీకి కడపటి దినము.

ఆట తెలియనివారికి రెండు మాటలు. బంతి నిమ్మకాయంత; దానిని వేయవలసిన గుంత వెడల్పు నాలుగుంబావు అంగుళములు. అట్టివి పదునెనిమిది. నాలుగు దినములలో నెవ్వరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిదే గెలుపు. ఈ మైదానమున నొక వింత గలదు. పోవు గుంతకును వచ్చు గుంతకును పెక్కుచోట్ల ఒకే పచ్చికచదును; అట్టి జత సంఖ్యలను గూడినచో పదునెనిమిది వచ్చును. ఈ లెక్క నత్తగారే కనిపెట్టి, మరిదికి రెండుమారులు చెప్పిరి.

ఎదురుగా బూడిదవన్నె రాతిమేడ యొకటి కనబడును. 1754లో నేర్పడిన ఆ క్లబ్బు 260 ఏండ్లు పురుషులకే పరిమితము. ఈ మైదానమున స్త్రీల ఓపెన్ పోటీ మొదటిసారి జరిగిన 2007లో ఆటగత్తెలకై ఆ తలుపులు దెఱచిరి. స్త్రీలను సభ్యులుగా జేర్చుకొనుటకు 2014లో గాని సమ్మతింపలేదు. మేము చూచిన పోటీకి మొత్తము బహుమానము 95 లక్షల డాలర్లు. ఆ యేడే పురుషుల ఓపెనునకు 1 కోటి 70 లక్షలు. "గాలి ఆడవారికి సగమే వీచునా?" యని అత్తగారు.

గాలి యన్న జ్ఞాపకము వచ్చినది. గొడుగు నిలువదు, చీర నిలువదు. మేము పయిటలను ఉన్నికోటులలో జొనిపి కట్టుకొంటిమి. ఉదయమునకు లిడియా మూడు దెబ్బలు వెనుకబడియుండెను. మాలో కోడలు, ముందున్న జియాయ్ షిన్ వెంట బోవుట మేలనినది. పెద్దవారి మోకాళ్లు తలచి, చివరి గుంతకడ బల్లలపై గూర్చుందమనియు ననినది. "రెండు వారముల క్రిందట పారిస్‌లో స్వర్ణపతకము తెచ్చిన పిల్ల. వెనుకబడినదని విడిచిపోదుమా అమ్మాయీ?" అని అత్తగారు నడక సాగించిరి. ఒక మైలు గడచునప్పటికి కాళ్లు తేలిపోయినవి. కొనవఱకు బోక, తిరుగుదారిలో పండ్రెండవ గుంతకడ నిలిచితిమి. అచ్చటనే మా తప్పొకటి జరిగినది. ఎవరో బంతిని మెల్లగా నెట్టబోవు సమయమున, సర్వులు నూపిరి బిగబట్టియుండగా, అత్తగారు జంతిక కొఱికిరి. అంత చప్పుడు జంతికకు గలదని మే మెన్నడు నెఱుగము. కాపలాయాయన చేయి యెత్తి మావంక జూచెను. మిగిలిన జంతికలు అటులనే ఇంటికి దిరిగివచ్చినవి.

లిడియా వచ్చినది. తొట్రుపాటు లేదు, ఆర్భాటము లేదు. మేము త్రాళ్ల కీవల కుంటుచు నడచితిమి. ముందంజలో నున్న నెల్లీ కోర్డా పదునాలుగవ గుంతలో రెండు దెబ్బలు పోగొట్టుకొన్నదని పలకమీద జూచితిమి. వాన మొదలైనది. పదునెనిమిదవ గుంతకడ జనము మధ్య మాకు లిడియా టోపీ దప్ప నేమియు గనబడలేదు. ఒక దెబ్బ ఆదాయైనదని కేకలనుబట్టి తెలిసినది. మొత్తము 281. ఐనను గెలుపు కాలేదు. వెనుకటి యేడు ఇదే బిరుదు నందిన లిలియా వూ, ఆ గుంతలో నొక దెబ్బ ఆదా చేసినచో సమానమగును. ఆమె మూడుమారులు నెట్టవలసివచ్చెను.

లిడియా కంట నీరు పెట్టుకొనుట దూరమునుండియే తెలిసినది. అత్తగారును కోటు క్రిందినుండి కొంగు లాగి కన్నులొత్తుకొనిరి. తరువాత, "ఆ రెండవ పిల్ల యెక్కడ?" అని అడిగిరి. అదితి తల్లిని దలచుకొనిరని మాకు తోచినది.

వారము దినముల పిమ్మట మరల నా యూరికి బోయితిమి. మైదానము ప్రక్కనే హిమాలయములను పేర మిట్టపల్లములుగల పచ్చిక యున్నది. కఱ్ఱను భుజముపైకెత్తుట స్త్రీలకు తగదని యెంచు కాలమున, నెట్టుడాట మాత్రమే యాడుకొనుటకు 1867లో నచటి స్త్రీలు సంఘ మేర్పఱచుకొన్న స్థలమది. నేడు స్వల్పరుసుమునకు నెవరైన నాడవచ్చును. అత్తగారు కుచ్చెళ్లు బిగించి, కఱ్ఱ పట్టి, బంతిని మిట్టపైకి నెట్టిరి. అది పైకెక్కి, ఒక్క క్షణము నిలిచి, తిన్నగా వారి పాదములకడకే దిరిగివచ్చినది. తొమ్మిదవమారు గుంతలో బడినది. "వ్రాసికో," అనిరి.