గోడకు ఇరువైపులా అమానతే

మన మొహల్లాలలోని యువతీయువకులు నేడు పెద్ద సంఖ్యలో కంప్యూటర్ల ముందు కూర్చుని హలాల్ జీవనోపాధి పొందుతున్నారు. వారు పనిచేసే చోట ఇంటర్నెట్ ఉంటుంది గానీ, దాని తలుపులన్నీ తెరిచి ఉండవు. సినిమాలు, ఆటలు, సామాజిక మాధ్యమాలు, సొంత ఈ-మెయిల్, ఒక్కోసారి వార్తాపత్రికలు కూడా అక్కడ తెరుచుకోవు. మూసిన ఆ తలుపులను దొడ్డిదారిన దాటే ఉద్యోగులు ఒకవైపు, ఆ దారులను కనిపెట్టి మూసే నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్లు మరొకవైపు ఉంటారు. గడచిన ఏడాదిలో ఈ రెండు వైపుల నుంచీ ఒక్కొక్క యువకుడు నా దగ్గరకు ఒక్కొక్క ప్రశ్న తెచ్చాడు. నేను ముఫ్తీని కాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా మదర్సాలో అరబ్బీ వ్యాకరణమూ ఫిక్హ్ గ్రంథాలూ బోధిస్తున్న ఉపాధ్యాయుణ్ణి మాత్రమే. అయినా ఆ రెండు ప్రశ్నలూ నన్ను చాలా రోజులు వదలలేదు. అవి చూడటానికి కొత్తవే అయినా, వాటి వేళ్ళు మన పాత గ్రంథాలలో కనిపించాయి.

మొదటివాడు నా పూర్వ విద్యార్థి. మా మదర్సాలో హిఫ్జ్ పూర్తిచేసి, తరువాత డిగ్రీ చదివి, హైదరాబాదులో విదేశీ బ్యాంకు ఖాతాల పని చూసే ఒక కార్యాలయంలో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. అక్కడ పనిచేసే హాలులోకి ఫోను తీసుకుపోరాదు. లాకరులో పెట్టి వెళ్ళాలి. ఒక రాత్రి విరామవేళ కంప్యూటర్‌లో తఫ్సీరు వెబ్‌సైటు తెరవబోతే, ‘మతం’ అనే విభాగం కింద అది నిషేధించబడిందని సందేశం వచ్చిందట. పక్క సీటు మిత్రుడు బ్రౌజర్‌లో కలుపుకునే ఒక ఉచిత వి.పి.ఎన్.ను చూపించాడు. నాటినుంచీ రోజూ ఇరవై నిమిషాలు ఆ దారిన తఫ్సీరు చదువుతున్నాడు.

“హజ్రత్, అదే దారిన మిగతావాళ్ళు క్రికెట్ చూస్తున్నారు. నేను అల్లాహ్ గ్రంథాన్ని అర్థం చేసుకుంటున్నాను. విరామం నా హక్కు. ఇందులో తప్పేముంది?” అని అడిగాడు.

అడగకుండా ఉండిపోవడం అతనికి తేలిక. అడిగాడంటేనే మనసులో ఏదో గుచ్చుకుంటున్నదని గ్రహించాను. జవాబు చెప్పేముందు ఆ దారి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనిపించి నా మేనల్లుడికి ఫోను చేశాను. అతను వేరొక ప్రైవేటు సంస్థలో నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్.

అతను చెప్పినది ఇది. కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ ఒకే ద్వారం గుండా బయటి ప్రపంచంతో మాట్లాడతాయి. ఆ ద్వారం వద్ద ఫైర్‌వాల్ అనే కావలి ఉంటుంది. ఏ ఉత్తరం ఎక్కడికి పోతున్నదో కావలి చూసి, నిషిద్ధ జాబితాలోని చిరునామా అయితే ఆపేస్తుంది. వి.పి.ఎన్. ఏం చేస్తుందంటే, ఉత్తరాన్ని మరొక కవరులో పెట్టి, గట్టిగా అంటించి, పైన వేరే చిరునామా రాస్తుంది. కావలికి కవరు మీది చిరునామాయే కనిపిస్తుంది. బయట ఎక్కడో ఉన్న సర్వర్ దాన్ని విప్పి అసలు చోటికి చేరుస్తుంది. కవరులో ఉన్నది క్రికెట్టా, తఫ్సీరా, బ్యాంకు ఖాతాదారుల వివరాలా అన్నది కావలికి తెలియదు. తిరిగి లోనికి వచ్చేది కూడా అంటించిన కవరులోనే వస్తుంది. ఉచితంగా ఆ సేవ చేస్తున్న బయటివాడెవరో, అతనికి ఏం లాభమో వాడేవారిలో చాలామందికి తెలియదు.

ఇటువంటి దారులు ఇంకా ఉన్నాయి. మధ్యవర్తిగా నిలిచే ప్రాక్సీ వెబ్‌సైట్లు, ఫోను హాట్‌స్పాట్‌కు కార్యాలయపు ల్యాప్‌టాప్‌ను కలపడం, ఇంట్లోని కంప్యూటర్‌ను దూరం నుంచి నడపడం వంటివి. అడ్మినిస్ట్రేటర్లూ ఊరుకోరు. తెలిసిన వి.పి.ఎన్. సర్వర్ల చిరునామాలను నిషేధిస్తారు. కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకునే అధికారాన్ని ఉద్యోగి నుంచి తీసేస్తారు. కొన్ని సంస్థలు అనుమతించిన వెబ్‌సైట్లు తప్ప మరేదీ తెరుచుకోకుండా చేస్తాయి. మరికొన్ని తమ సొంత డిజిటల్ సర్టిఫికెట్‌ను కంప్యూటర్లలో ఉంచి, కవరు విప్పి చూసే ఏర్పాటు చేసుకుంటాయి. ఒకరు సందు తీస్తే మరొకరు మూస్తారు; మూసినచోట కాక వేరొకచోట మళ్ళీ సందు పడుతుంది.

ఇదంతా అతిజాగ్రత్త అనుకునేవారికి 2023లో జరిగినది చెప్పాలి. ఓక్టా అనే అమెరికా సంస్థ ఇతర సంస్థల ఉద్యోగుల గుర్తింపును, పాస్‌వర్డులను కాపాడటమే వ్యాపారంగా చేసుకున్నది. దాని ఉద్యోగి ఒకరు కార్యాలయపు ల్యాప్‌టాప్‌లోని క్రోమ్ బ్రౌజర్‌లో తన సొంత గూగుల్ ఖాతాతో ప్రవేశించారు. కార్యాలయపు ఒక ఖాతా పాస్‌వర్డు ఆ సొంత ఖాతాలో భద్రమైపోయింది. దుండగులు దాన్ని చేజిక్కించుకున్నది బహుశా ఆ దారిననే అని సంస్థ విచారణలో తేలింది. 134 ఖాతాదారు సంస్థలకు చెందిన ఫైళ్ళు పరుల కంటబడ్డాయి. ఆ తరువాత కార్యాలయపు ల్యాప్‌టాప్‌లలో సొంత గూగుల్ ఖాతాలతో క్రోమ్‌లో ప్రవేశించే వీలు లేకుండా చేశారు. అక్కడ ఎవరూ గోడ దూకలేదు. చిన్న సౌకర్యం చూసుకున్నారు, అంతే. అంతమాత్రానికే అంత నష్టమైతే, తెలిసి గోడ దూకే పనిని ఏమనాలి? మన దేశంలో కూడా 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇచ్చిన భద్రతా మార్గదర్శకాలలో బయటి సంస్థల వి.పి.ఎన్.లను వాడవద్దని చెప్పారు.

ఇక ఫిక్హ్ మాట. మేము మదర్సాలలో బోధించే ‘అల్ హిదాయా’ గ్రంథంలో పనికి కుదిరేవారిని రెండు రకాలుగా విభజించారు. రంగులద్దేవాడి వలె అనేకుల పని చేసిపెట్టేవాడు అజీర్ ముష్తరక్. నిర్ణీత కాలం తనను ఒకే యజమానికి అప్పగించుకునేవాడు అజీర్ ఖాస్. నేటి నెలజీతపు ఉద్యోగి ఈ రెండవ కోవకు చెందుతాడు. పంతొమ్మిదవ శతాబ్దపు దమాస్కస్ పండితులు ఇబ్న్ ఆబిదీన్ (రహ్మ) తమ ‘రద్దుల్ ముహ్తార్’లో ఇటువంటివాని గురించి చర్చిస్తూ, ఫర్జ్ నమాజు అతను విడువరాదనీ, యజమాని పనివేళలో నఫిల్ నమాజుకు మాత్రం పూనుకోరాదనీ పేర్కొన్నారు. నఫిల్ నమాజు ఎంత పుణ్యకార్యమో మనకు తెలుసు. అటువంటి పుణ్యకార్యం కూడా ఇతరుల హక్కును తీసుకుని చేసేది కాదని మన పెద్దలు భావించారు. సూరా అల్ మాయిదా ఒప్పందాల గురించిన ఆదేశంతోనే ప్రారంభమవుతుందన్నది కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

నా విద్యార్థితో ఇలా అన్నాను: “నాయనా, విరామం నీదే, కాదనను. కానీ ఆ కంప్యూటరూ ఆ ద్వారమూ నీవి కావు. ఒకరింటికి అతిథిగా వెళ్ళి నమాజుకు వేళయితే, తాళం వేసిన గదిని మనం తెరవము. ఖిబ్లా ఎటువైపు, ఎక్కడ చేసుకోమంటారు అని ఇంటివారిని అడుగుతాము. నీవూ అడుగు. లిఖితపూర్వకంగా అడుగు.”

అతని ముఖం చిన్నబోయింది. “క్రికెట్ చూసేవాడికీ నాకూ ఒకే జవాబా హజ్రత్?” అన్నాడు. “సంకల్పానికి అల్లాహ్ దగ్గర వేరే లెక్క ఉంది. ద్వారం దగ్గర నియమం మాత్రం అందరికీ ఒకటే” అన్నాను. అతను వి.పి.ఎన్. తీసేసి, ఆ వెబ్‌సైటును విరామవేళలో తెరవనివ్వమని కోరుతూ ఐటీ విభాగానికి విన్నపం పంపాడు. పది రోజులకు ‘కుదరదు’ అని సమాధానం వచ్చింది. ఇప్పుడు విరామంలో లాకరు నుంచి ఫోను తీసుకుని, క్యాంటీన్‌లో సొంత డేటాతో చదువుకుంటున్నాడు. నడిచి వెళ్ళి రావడానికే ఆరేడు నిమిషాలు పోతున్నాయని ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. విభాగం పేరు చూసి తలుపు మూసేవారు, అడిగినవారి మాటను మరికొంత ఓపికగా విని ఉండవచ్చు. అడిగినవాడికి చెవినివ్వని చోట, అడగకుండా దూకేవారు పెరుగుతారు.

రెండవ ప్రశ్న నా మేనల్లుడిది. బక్రీదు సెలవులకు వచ్చినప్పుడు, అసర్ నమాజు తరువాత మసీదు మెట్ల మీద చెప్పాడు. తమ సంస్థలో ఒక ఉద్యోగి కంప్యూటర్ నుంచి రోజూ మధ్యాహ్నం ఒక వి.పి.ఎన్. సర్వర్‌కు సమాచారం పోతున్నట్టు లాగ్‌లలో కనిపించిందట. పై అధికారికి చెబితే, ఆ ఉద్యోగికి తెలియకుండా అతని తెరను నిమిషనిమిషం ఫోటో తీసే సాఫ్ట్‌వేర్‌ను పెట్టి, ఏం చూస్తున్నాడో నివేదిక ఇమ్మన్నాడట.

“మామూ, తాళం వేయడం నా ఉద్యోగమే. ఈయన నన్ను కిటికీలోంచి తొంగిచూడమంటున్నాడు. కాదంటే నా ఉద్యోగానికే ముప్పు. ఏం చేయమంటారు?” అన్నాడు.

ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో పేర్కొన్న ఒక ప్రసిద్ధ ఉదంతం అతనికి చెప్పాను. హజ్రత్ ఉమర్ (రజి) ఒక ఇంటి గోడ ఎక్కి, లోపలి వ్యక్తిని అనుచిత స్థితిలో చూసి మందలించారు. ఆ వ్యక్తి తన తప్పు ఒకటైతే ఖలీఫా తప్పులు మూడని బదులిచ్చాడు: కూపీ లాగడం, ద్వారం గుండా రాకపోవడం, అనుమతి లేకుండా ప్రవేశించడం. హజ్రత్ ఉమర్ (రజి) ఆ మాట అంగీకరించి, పశ్చాత్తాపపడమని చెప్పి అతణ్ణి విడిచిపెట్టారు. కూపీ లాగడం గురించిన నిషేధం సూరా అల్ హుజురాత్ 12వ ఆయతులో ఉంది. గజాలీ (రహ్మ) చెప్పే సూత్రం కూడా ఇటువంటిదే. తలుపు మూసుకున్నవాని ఇంట్లోకి తొంగిచూడరాదు. చప్పుడో వాసనో బయటికి వచ్చినప్పుడు మాత్రం ఆపవచ్చు.

“నీ లాగ్‌లో కనిపించినది బయటికి వచ్చిన వాసన. దాన్ని ఆపే హక్కు, బాధ్యత నీకున్నాయి. తలుపు సందులో కన్ను పెట్టే హక్కు దానివల్ల రాదు” అన్నాను.

ఇది కేవలం మదర్సా మాట అనుకునేవారి కోసం ఐరోపా న్యాయస్థానపు తీర్పు ఒకటి చెబుతాను. రుమేనియాలో ఒక ఇంజనీరు సంస్థ కోరికపై ఖాతాదారులతో మాట్లాడేందుకు యాహూ మెసెంజర్ ఖాతా తెరిచాడు. కార్యాలయపు కంప్యూటర్లను సొంత పనులకు వాడరాదని నియమం ఉంది. 2007 జులైలో సంస్థ అతని సందేశాలను గమనించింది. సొంతానికి వాడలేదని అతను లిఖితపూర్వకంగా చెప్పగా, సోదరుడితోనూ పెళ్ళాడబోయే అమ్మాయితోనూ అతను జరిపిన సంభాషణల 45 పేజీల ప్రతిని ముందు పెట్టింది. వాటిలో ఆరోగ్య విషయాలూ సన్నిహిత విషయాలూ ఉన్నాయి. అతణ్ణి ఉద్యోగం నుంచి తొలగించారు. స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం 2017 సెప్టెంబరు 5న, 11 మంది న్యాయమూర్తులు ఒకవైపు, 6గురు మరొకవైపు ఉండగా, అతని వ్యక్తిగత జీవిత హక్కుకు రక్షణ లభించలేదని తీర్పు చెప్పింది. నియమం ఉండటం వేరు, సందేశాల లోపలి విషయాన్ని కూడా చూస్తామని ముందుగా తెలపడం వేరు అన్నది అందులోని ముఖ్యాంశం. అందుకు కొద్ది రోజుల ముందే, 2017 ఆగస్టు 24న, మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించింది.

ఆ ఇంజనీరు నియమం మీరాడు, మీరలేదని కూడా చెప్పాడు. అయినా అతని తప్పు సంస్థ తప్పును ఒప్పుగా మార్చలేదు. మనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎదుటివాడు అమానతును వమ్ము చేశాడు గనుక మన చేతిలోని అమానతుకు విలువ లేదనుకుంటాము. రెండు అమానతులకు రెండు లెక్కలున్నాయి.

సెలవు ముగిశాక నా మేనల్లుడు అధికారి దగ్గరకు వెళ్ళి నాలుగు మాటలు చెప్పాడట. వి.పి.ఎన్. దారిని ఈరోజే మూసేస్తాను. ఏది నిషేధమో, ఏది గమనిస్తామో, ఎందుకో ఉద్యోగులందరికీ తెలిసేలా ఒక ప్రకటన పంపుదాం. ఆ ఉద్యోగితో నేనే నేరుగా మాట్లాడతాను. తెర ఫోటోలు తీయవలసిందే అంటే ఆ ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి. అధికారి మొదట కోపగించాడు, రెండు రోజులు పలకలేదు. రాతపూర్వకమైన ఆదేశం మాత్రం రాలేదు. మూడవరోజున ప్రకటనకు ఒప్పుకున్నాడు. ఆ ఉద్యోగిని పిలిచి, దారి మూశామనీ, మళ్ళీ జరిగితే పైకి నివేదించవలసి వస్తుందనీ మర్యాదగా చెప్పారు. అతను తల వంచుకుని సరేనన్నాడు. కవరు లోపల ఏముండేదో నా మేనల్లుడికి నేటికీ తెలియదు. ఆ ఇద్దరూ ఇప్పటికీ ఒకే బల్ల దగ్గర టీ తాగగలుగుతున్నారు.

ఈ పత్రిక చదివే తల్లిదండ్రులకు ఒక మాట. మన ఇంటి వైఫైకి అడ్మినిస్ట్రేటర్లం మనమే. పిల్లలకు హానిచేసేవాటిని మూయడం మన బాధ్యత. అయితే ఏది మూశామో, ఎందుకు మూశామో వారికి చెప్పాలి. ఫోను చూస్తామంటే చూస్తామని ముందే చెప్పి చూడాలి. నిద్రపోయాక దొంగచాటుగా తెరవరాదు. ఫలానాది తెరవండి అని బిడ్డ అడిగితే, కాదనవలసి వచ్చినా పూర్తిగా విని, కారణం చెప్పి కాదనాలి. ఇంట్లో తలుపు తట్టి అడగడం నేర్చిన బిడ్డ రేపు కార్యాలయంలోనూ తలుపే తడుతుంది. ఎప్పుడైనా ఆ బిడ్డ చేతికే తాళంచెవులు వస్తే, సందులోంచి తొంగిచూడదు.