బళ్లు లేని దారి

తెల్లారకుండానే మేష్టారు రాజమండ్రిలో సైకిల్ బయటకు తీస్తారు. పొద్దెక్కితే ఏటిగట్టు మీద ఇసుక లారీలు మొదలవుతాయి మరి! కాతేరు, సీతానగరం... ఎడమ పక్కనే గోదావరి. పురుషోత్తపట్నం చేరేసరికి ఏటి నడుమ కొండమీద పట్టిసీమ వీరభద్రుడి గుడి.

పదో తరగతి సెలవుల్లో ఇదే దారిన దేవీపట్నంలో మేనత్త ఇంటిదాకా తొక్కారాయన. అంగుళూరు దాటితే ఒకపక్క ఏరు, ఒకపక్క అడవి. ఎదురుగా ఓ మనిషి కనిపిస్తే గొప్ప. హైదరాబాద్ ఔటర్ పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి నీడకు సౌర పలకలు కప్పారు. ఇక్కడ ఆ పని చెట్లే చేసేవి. ఆపైన పాపికొండల్లోకి లాంచీయే.

2021లో కాఫర్ డ్యామ్‌తో పోలవరం దగ్గర గోదావరిని స్పిల్‌వే వైపు మళ్లించారు. వరదొస్తే నీళ్లు వెనక్కి తన్ని ఊళ్లను ముంచుతున్నాయి. జనం పునరావాస కాలనీలకు వెళ్లిపోయారు. మేనత్త కొడుకూ అక్కడే.

‘‘రా బావా, మా దారిలో ఇప్పుడసలు బళ్లే ఉండవు’’ అని ఫోన్లో నవ్వాడు మొన్న.

మేష్టారికి నవ్వు రాలేదు. పురుషోత్తపట్నంలో టీ తాగి, కాసేపు ఎగువకు చూసి, సైకిల్ వెనక్కి తిప్పారు. లారీలు అప్పటికే మొదలయ్యాయి.