హెడర్‌లో ఏం రాసి ఉంది

26 జనవరి 2025, ఆదివారం, నిజామాబాద్

జెండావందనం అయ్యాక కాలేజీ ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నా. పిల్లలు దసరా నుంచి తీసిన ఆకాశం బొమ్మలన్నీ ఒకే ఫోల్డర్‌లో కుప్పపడి ఉన్నాయి. ఫైళ్ల పేర్లు చూస్తే నవ్వొచ్చింది: ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘సార్‌కు చూపెట్టాలె’. ఏ రాత్రి తీశారో, ఏ నక్షత్రాలో వాటిని బట్టి ఎవడు చెప్పగలడు?

అన్నీ ఫిట్స్ ఫైళ్లు, అంటే బొమ్మ వివరాలను హెడర్‌లో తమతోనే మోసుకొచ్చేవి కావడం నయమైంది. డీఎస్9 అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకటి తెరిచి ఫైల్ మెనూలో హెడర్ నొక్కా. వరసకు 80 అక్షరాలు. అది పంచ్ కార్డుల కాలం నాటి కొలత. వెల్స్, గ్రైసెన్, హార్టెన్ అనే ముగ్గురు ఫిట్స్ పద్ధతిని 1981లో ప్రచురించేనాటికి ఆ కార్డుల అలవాటు ఇంకా పోలేదు. 36 వరసలు కలిస్తే 2880 బైట్లు, ఒక దిమ్మ. ‘ఎండ్’ అన్న వరస వచ్చేదాకా అంతా మామూలు అక్షరాలే. ఆ తర్వాతే బొమ్మ మొదలు. నలభై ఏళ్లు దాటినా ఈ అమరిక మారలేదు.

28 జనవరి, మంగళవారం

ఫైనలియర్ అమ్మాయి హెడర్ కిటికీలో ఫైండ్ తెరిచి ఇంగ్లిష్‌లో ‘టెలిస్కోప్’ అని పూర్తి స్పెల్లింగ్ కొట్టింది. “లేదంటున్నది సార్.” ఉంది, చివరి ‘ఈ’ లేకుండా ఉంది. వరస మొదట ఉండే కీవర్డ్‌కు ఎనిమిది అక్షరాలే హద్దు, తొమ్మిదోదానికి చోటు లేదు. ‘ఇన్‌స్ట్రుమెంట్’కైతే చివరి రెండూ పోయాయి.

ఎక్స్‌పోజర్‌ది ఇంకో తంటా. ఒక సాఫ్ట్‌వేర్ దాన్ని ‘ఎక్స్‌ప్‌టైమ్’ అని రాస్తుంది, ఇంకోటి ‘ఎక్స్‌పోజర్’ అని. రెండూ రాసేవీ ఉన్నాయి. ఒక పేరుతో వెతికితే సగం ఫైళ్లే వస్తాయి. మిగతా సగం లేవనుకుంటాం.

ఒకే వస్తువుకు పిల్లలు పెట్టిన పేర్లు సరేసరి. ‘ఆబ్జెక్ట్’ దగ్గర ఒకరు ఎం42 అన్నారు, ఒకరు ఓరియన్ నెబ్యులా, ఇంకొకరు ఎన్‌జీసీ 1976. మూడూ ఒకటే. పేరు వదిలేసి ఆకాశంలోని స్థానాలతో వెతికించా: ఆర్ఏ (ఆకాశ రేఖాంశం) 84 డిగ్రీల దగ్గర, డెక్ (ఆకాశ అక్షాంశం) మైనస్ 5 దగ్గర. టెలిస్కోప్ మౌంట్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి తీసినవన్నీ ఒక్కచోటికొచ్చాయి. కలపకుండా తీసిన వాటిలో ఆ కీవర్డులే లేవు.

ఇక నుంచి పద్ధతి ఇదీ: ఒక్కో సాఫ్ట్‌వేర్ రాసిన హెడర్‌ను ముందు మొదటి నుంచి ఎండ్ దాకా చదవాలి. ఏ పేర్లు వాడిందో తెలిశాక వెతకాలి. అప్పుడు ఆస్ట్రోపై అనే పైథాన్ లైబ్రరీతో వచ్చే ‘ఫిట్స్‌హెడర్’ ఆదేశం చాలు. ఫైలుకో వరస చొప్పున, అడిగిన కీవర్డుల విలువలే పట్టికలా ఇస్తుంది.

31 జనవరి, శుక్రవారం

నిన్న రాత్రి ఎడపల్లి అవతల ఒక పిల్లవాడి పొలం గట్టున టెలిస్కోప్ పెట్టాం. ఒకప్పుడు అదంతా చెరుకే. ఇప్పుడు యాసంగి వరి నాట్లు. అమావాస్య మరునాడు, ఆకాశం శుభ్రంగా ఉంది. పదింటికి సిరియస్ కింద ఎం41 గుంపు, రెండింటికి సింహరాశిలో ఎం65, ఎం66 గెలాక్సీలు.

పొద్దున అమ్మాయి ఫోన్: “సార్, గెలాక్సీల ఫైళ్లు దొరుకుతలేవు. 31 తారీఖు కొట్టి చూసిన, ఒక్కటి వస్తలేదు.” తేదీ ఉండే డేట్-ఓబీఎస్ కీవర్డులో రాసేది యూటీ, అంటే ప్రపంచ సమయం. మనకన్నా అయిదున్నర గంటలు వెనక. మన తెల్లవారుజాము రెండు అంటే అక్కడ 30వ తేదీ 20:30. 30 అని కొట్టగానే రాత్రంతా తెరమీదికొచ్చింది.

ఆలోచిస్తే ఇది మనకు అనుకూలమే. ఇక్కడ హెడర్ తేదీ పొద్దున 5:30కి మారుతుంది, రాత్రి రెండు ముక్కలు కాదు. ఈ కాలంలో చిలీలో అయితే రాత్రి తొమ్మిదికే మారిపోతుంది.

2 ఫిబ్రవరి, ఆదివారం

ఎం41 స్థానం చూశా: డెక్ మైనస్ 20 డిగ్రీల 45 నిమిషాలు. అంటే హైదరాబాద్ పట్టీలోదే! ఆకాశం మొత్తాన్ని ఫొటో పలకల మీదికి ఎక్కించాలని 1887లో పారిస్‌లో సంకల్పించారు. ఆ పనిలో చేరిన అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. మైనస్ 17 నుంచి మైనస్ 23 దాకా ముందు చిలీలోని శాంటియాగోది. ఆ పని అక్కడ సాగక మన నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో పెట్టిన అబ్జర్వేటరీ అది. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్‌ల హయాంలో బేగంపేటలో ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో పలకలు తీశారు. ఏడు లక్షల అరవై వేలకు పైగా నక్షత్రాల స్థానాలు 12 సంపుటాల్లో అచ్చయ్యాయి.

అప్పుడు ఫిట్స్ లేదు. అయినా పలక నడిమి స్థానం, తేదీ రాసిపెట్టారు. ఆ తేదీల విలువ 2000లో తెలిసింది. హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలను ఈ పాత కొలతల పక్కన పెట్టి టైకో-2 జాబితాలో 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్కగట్టారు. నక్షత్రం ఎంత జరిగిందో రెండు స్థానాలు చెబుతాయి. ఎన్నేళ్లలో జరిగిందో తేదీలు లేకపోతే ఏదీ చెప్పదు.

9 ఫిబ్రవరి, ఆదివారం, బోధన్

పెద్దనాయిన దగ్గరికి పోయొచ్చా. షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ కాంటా మీద చేశాడు. 1937లో మొదలైన ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. మళ్లీ తెరిపిస్తారన్న మాట మాత్రం ఆగలేదు. నా ల్యాప్‌టాప్‌లో హెడర్ చూపించి ఏమిటో చెబితే వెంటనే పట్టుకున్నాడు. “గిది కాంటా చీటీ కదరా. రైతు పేరు, తారీఖు, బండి బరువు, ఖాళీ బరువు. చీటీ లేని చెరుకు ఎంత తియ్యగుంటే ఏంది, పైసలెవరిస్తరు?”

తర్వాత ఇంకోమాట అడిగాడు: “మరి తూకం ఏసినోని సంతకమేది?”

10 ఫిబ్రవరి, సోమవారం

నిజమే, మా ఫైళ్లలో ‘అబ్జర్వర్’ వరస ఖాళీ. హైదరాబాద్ పట్టీ ఉన్న ఆ ఆకాశ పటంలోనే వాటికన్ వంతు పట్టీలో నాలుగు లక్షలకు పైగా నక్షత్రాలు కొలిచింది నలుగురు సన్యాసినులు. వాళ్ల పేర్లు 2016లో గానీ బయటపడలేదు. ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా రాయని పేరును వెతికిపెట్టదు.

పిల్లలు కాలేజీ పేరు పెడదామన్నారు. కుదరదన్నా. ఆ రాత్రి మంచులో నిలబడి బొమ్మలు తీసింది ఇద్దరు పిల్లలు, కాలేజీ కాదు. ఎనిమిది అక్షరాల హద్దు కీవర్డుకే, దాని విలువకు 68 అక్షరాల దాకా చోటుంది. ఇంటిపేర్లతో సహా ఇద్దరివీ పట్టాయి. తెలుగులో రాస్తామన్నారు గానీ హెడర్ ఆస్కీ అక్షరాలే తీసుకుంటుంది. ఇంగ్లిష్‌లోనే రాశారు, స్పెల్లింగ్ మీద పోట్లాడుకుని మరీ.